కాపరి కోటు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. వసారాలో మంచం మీద నాయనమ్మ, బొమ్మల గదిలో పెదనాన్న, వంటింట్లో పెద్దమ్మ, ముందుగదిలో కుర్చీ అంచున కూర్చుని మాటిమాటికీ వాచీ చూసుకుంటున్న పత్రికాయన, ఎవరు ఎక్కడ పిలిస్తే అక్కడికి పరిగెత్తే బుడ్డి. బొమ్మల గది తలుపు వెనక కొక్కేనికి వేలాడే పొడుగు కోటును కూడా కలుపుకుంటే ఆరుగురు. ఆ ఇంట్లో దాన్ని కలుపుకోకుండా లెక్క చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ కోటు అన్నయ్యది, అంటే పెదనాన్న కొడుకుది. నిజానికి కాపరిది. కాపరి అంటే పెదనాన్న నెల నెలా పత్రికకు గీసే బొమ్మల కథలో వీరుడు.

ఆ కథలో ఒక నగరం ఉంది. దాని ఆకాశానికి ఎవరో ఇనప మూత వేసేశారు. ఎండంతా మూత పైనున్నవాళ్ళకి, చీకటంతా కిందున్నవాళ్ళకి. వీధికొక యంత్రం ఉంటుంది. అది మనుషుల మొహాలు చదివి, ఎవరికెంత వెలుతురు ఇవ్వాలో కొలిచి ఇస్తుంది. కాపరి రాత్రింబగళ్ళు తిరుగుతూ ఆ మూతకు చిల్లులు పొడుస్తుంటాడు. అతని వెనక రెండడుగుల దూరంలో ఒక పిల్ల నడుస్తుంది, చేతిలో బుడ్డిదీపం పట్టుకుని. ఆ పిల్ల మొహాన్ని యంత్రం చదవలేకపోయింది. యంత్రానికి అందని మొహం మనిషి మొహమే కాదని ఊరంతా కలిసి ఆ పిల్లను తరిమేసింది. కాపరి ఒక్కడే రమ్మన్నాడు. ఆ పిల్లకు కథలో పేరు కూడా లేదు. దీపంపిల్ల, అంతే.

పెదనాన్నకు ఒక అలవాటుంది. ఎదురుగా ఒళ్ళు కనబడనిదే ఆయనకు గీత పడదు. "తలలోంచి గీసేవాళ్ళు గొప్పవాళ్ళు. నేను కళ్ళలోంచి గీసేవాణ్ణి" అనేవాడు. అందుకని ఆ ఇనప మూత నగరమంతా ఆ ఇంట్లోనే కాపురముండేది. నగరాన్ని ఏలే యంత్రాధిపతి నాయనమ్మ. భుజాల మీద కంబళి కప్పి, నెత్తిన జల్లెడ బోర్లించి కూర్చోబెట్టేవాడు. "ఈ వయసులో నాకు రాజ్యమొకటి తక్కువైందిరా" అని సణుగుతూనే ఆవిడ కూర్చునేది, కూర్చున్న కాసేపటికే కునుకు తీసేది. అందుకే ప్రతి బొమ్మలోనూ యంత్రాధిపతి కళ్ళు సగం మూసుకునే ఉంటాయి. ఆ కళ్ళలో ఎంత క్రూరత్వం ఉందో అని పాఠకులు మెచ్చుకునేవారు. నగరంలో ఏ ఆడమనిషి చేతులు కనిపించినా అవి పెద్దమ్మ చేతులే. కాపరి అన్నయ్య. దీపంపిల్ల బుడ్డి.

బుడ్డి పెద్దమ్మకు చెల్లెలి కూతురు. తల్లి పోయాక ఈ ఇంటికి వచ్చింది. నోట్లో నాలుక లేని పిల్ల అని వచ్చిన రోజే అందరికీ తెలిసిపోయింది. అన్నం చాలా, ఇంకా కావాలా అని అడిగినా కంచం వైపు చూస్తుందే తప్ప బదులు చెప్పదు. అలాంటి పిల్లకు దీపం పట్టుకుని నిలబడే పని చేతికొచ్చింది. మాట్లాడక్కర్లేదు, కదలక్కర్లేదు. పెదనాన్న "ఊఁ" అనేదాకా ఎలా నిలబెడితే అలా ఉండాలి. అది ఆ గది కట్టుబాటు. అన్నయ్య ఆ కట్టుబాటును ఏనాడూ పాటించలేదు.

"బుడ్డీ, దీపం కాస్త దగ్గరగా పట్టవే. వీపుకు చలేస్తోంది."

"అందులో నూనే లేదు అన్నయ్యా."

"ఓహో, అందుకా! వెనకాల దిక్కుమాలిన దీపం పెట్టుకుని నేను లోకాన్ని ఉద్ధరించాలి."

బుడ్డి నవ్వాపుకోలేక వణికేది. పెదనాన్న పెన్సిల్ కిందపెట్టి "మీరిద్దరూ కలిసి నా పరువు తీస్తారు" అనేవాడు. బుడ్డి అనే పేరు పెట్టిందీ అన్నయ్యే. దీపంపిల్ల అని పిలవాలంటే సగంలో ఊపిరి అయిపోతోందట.

అతని వెనకే నిలబడి పెరిగింది గనక బుడ్డికి అన్నయ్య మొహం కన్నా వీపు బాగా తెలుసు. బరువంతా కుడికాలి మీద వేసి, ఎడం మడమ కాస్త ఎత్తి నిలబడేవాడు. మెడ కొంచెం పక్కకు వాల్చేవాడు, ఎవరో పిలిస్తే వింటున్నట్టు.

పోయిన వానాకాలంలో జ్వరమని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. ఆ ఇంట్లో ఆ సంగతి అంతకు మించి ఎవరూ మాట్లాడరు.

ఆ తర్వాత పెదనాన్న బొమ్మల గదిలో తెల్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చునేవాడు. పెద్దమ్మ మాత్రం ఆ గది గడప తొక్కలేదు. కోటు ఆ గదిలోనే ఉంది. గది దాకా వచ్చి, ఏదో మరిచిపోయినదానిలా వెనక్కి తిరిగిపోయేది. తిండి సగానికి సగం తగ్గిపోయింది. కథ లేకుండానే ఆ నెల పత్రిక వచ్చింది. పెద్దమ్మ దాన్ని మొదటి నుంచి చివరిదాకా తిప్పి, "కాపరి ఏడీ?" అంది.

పెదనాన్న బుడ్డి వైపు చూశాడు. బుడ్డి నేల వైపు చూసింది.

మర్నాడు బడి నుంచి రాగానే బుడ్డి బొమ్మల గదిలోకి వెళ్ళి అన్నయ్య బూట్లలో పాత గుడ్డలు కుక్కింది. ఎత్తు చాలదని పీటెక్కింది. కోటు తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, గోడ వైపు తిరిగి నిలబడింది. బరువంతా కుడికాలి మీద వేసింది. ఎడం మడమ ఎత్తింది. మెడ పక్కకు వాల్చింది. వెనకాల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత పెన్సిల్ కదిలింది. మధ్యలో ఆగింది. మళ్ళీ కదిలింది. పెదనాన్న నోట "ఊఁ" వచ్చేసరికి బుడ్డి కాళ్ళు మొద్దుబారిపోయాయి.

ఆ బొమ్మను పెద్దమ్మ ఒళ్ళో పెట్టుకుంది.

"చూశావా, మడమెత్తే నిలబడ్డాడు. తిన్నగా నిలబడరా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో" అంది. ఆ మాట అంటూ నవ్వింది కూడా. "ఎలా గీశారండీ ఎదురుగా లేకుండా?"

"ఇప్పుడు నాకు తలలోంచే వస్తున్నాడు" అన్నాడు పెదనాన్న.

ఆ పూట పెద్దమ్మ కడుపునిండా తింది. ఇక ఆ అబద్ధాన్ని ఆపడం ఎవరి తరం అవుతుంది?

నెల నెలా అదే. బుడ్డి కోటు వేసుకోవడం, బొమ్మలో కాపరి వెనక్కి తిరిగి నిలబడడం, పెద్దమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకోవడం. ఆవిడ కొంచెం కొంచెంగా మళ్ళీ మనిషైంది. పొద్దున్నే బుడ్డిని ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె పట్టించి జడ వేసేది. ఇదివరకు ఆ పని బుడ్డే చేసుకునేది. జడ వేస్తూ "తల్లీ" అని పిలిచింది ఒకసారి. బుడ్డి ఆ మాటను బడికి తీసుకెళ్ళి, రోజంతా దాచుకుని, ఇంటికి భద్రంగా తెచ్చుకుంది. మళ్ళీ అంటుందేమోనని మర్నాడు ఇంకాస్త పెందలాడే దువ్వెన పట్టుకుని వెళ్ళి కూర్చుంది.

"ఈ మధ్య ఎప్పుడు చూసినా వెనక్కి తిరిగే ఉంటున్నాడేంటే?" అని అడిగింది పెద్దమ్మ, చిక్కు తీస్తూ.

"కథలో వాన ఎదురు కొడుతోంది పెద్దమ్మా."

"ఒక్కసారి ఇటు తిరగమని చెప్పు మీ పెదనాన్నకి." కాసేపాగి, గొంతు తగ్గించి, "కోటు అక్కడే ఉందా?" అంది.

"ఉంది."

"ఉండనీ. దాన్ని ఎవరినీ ఉతకనివ్వకు. ఎప్పుడో ఒకరోజు నేనే వెళ్తాను. ఇంకా కాళ్ళు రావడం లేదు."

బుడ్డి తలూపింది. కోటు మీది సిరా మరకలు బొమ్మలకు పనికొస్తాయని కాబోలు అనుకుంది. అంతకు మించి తోచలేదు.

ఆ రోజు పత్రికాయన భోజనాల వేళ దాటాక వచ్చాడు. మామూలుగా అయితే బొమ్మలు తీసుకుని, టీ తాగి, నాయనమ్మతో రెండు మాటలాడి పోతాడు. ఈసారి నేరుగా బొమ్మల గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. బుడ్డి కిటికీ దగ్గర కుంచెలు కడుగుతోంది. దాన్ని ఆయన లెక్కలో వేసుకోలేదు.

"ఏమనుకోకండి గానీ, కాపరి మొహం చూసి ఎన్నాళ్ళైందండీ? ఎప్పుడూ వీపేనా అని జనం విసుక్కుంటున్నారు. ఇప్పుడందరూ అడిగేది దీపంపిల్లని. మా వీధిలో పిల్లలు ఖాళీ సీసాల్లో కొవ్వొత్తులు పెట్టుకుని తిరుగుతున్నారంటే నమ్మండి. మా అమ్మాయైతే మొహానికి మసి పూసుకుని, నన్ను యంత్రం చదవలేదు నాన్నా అంటుంది."

పెదనాన్న బల్ల మీది కాగితాలు సర్దుతున్నాడు.

"కాపరిని పంపించేయండి. గౌరవంగానే, వీరమరణంలా. పోతూ పోతూ ఆ కోటు ఆ పిల్లకిచ్చి పోతాడు. వచ్చే నెల నుంచి పిల్లే హీరో. అలా కాదంటే కథే ఆపేద్దామంటున్నారు పైవాళ్ళు. ఆ ఒక్క బొమ్మ గీసివ్వండి, ఈ సాయంత్రం అచ్చుకు పంపాలి. నేను ముందుగదిలో కూర్చుంటాను."

ఆయన వెళ్తూ తలుపు మళ్ళీ దగ్గరగా వేశాడు. తరిమేసిన పిల్ల హీరో అవుతుందట. బుడ్డికి ఒక్క క్షణం ఒళ్ళు ఝల్లుమంది. ఆ వెంటనే ఒళ్ళో బొమ్మ పెట్టుకున్న పెద్దమ్మ గుర్తొచ్చి, కడిగిన కుంచెనే మళ్ళీ నీళ్ళలో ముంచింది.

"పెద్దమ్మకి చెప్పొద్దా పెదనాన్నా?"

"కథ ఆగిపోతే వాడు అసలే ఉండడు కదమ్మా. ఇలాగైతే కోటైనా కథలో తిరుగుతుంది." ఆయన చేతులు బల్ల మీద దేనికోసమో వెతుకుతున్నాయి. "పడుకున్నట్టే గీస్తాను. నిద్రపోతున్నట్టు. అది చూపించి నేనే చెప్తాను. ముందు చెప్పే ధైర్యం నాకు లేదు."

చచ్చినవాళ్ళ విషయంలో ఆ ఇంట్లో ఇంకో కట్టుబాటుంది. అది నాయనమ్మది. బతికున్నవాళ్ళు చచ్చినట్టు పడుకోకూడదంటుంది ఆవిడ. అందుకే కథలో ఎవరు చచ్చినా పెదనాన్న దిండ్లకు బట్టలు తొడిగి గీసేవాడు. ఆయన బొమ్మల్లో శవాలు బస్తాల్లా ఉంటాయని పాఠకులు హాస్యమాడేవారు. ఇప్పుడూ అలాగే కోటులో దిండ్లు కుక్కి చాప మీద పడుకోబెట్టాడు. గీశాడు, చించాడు. మళ్ళీ గీశాడు, మళ్ళీ చించాడు.

"దిండు చావదమ్మా" అన్నాడు చివరికి. "వీణ్ణి బస్తాలా ఎలా గీయను?"

ముందుగదిలోంచి పత్రికాయన దగ్గు వినిపించింది. కిటికీ వెలుతురు చాప మీంచి జరిగిపోతోంది. బుడ్డి దిండ్లు తీసి పక్కన పెట్టింది. కోటు తొడుక్కుంది. చాప మీద బోర్లా పడుకుని, మొహం మోచేతిలో దాచుకుంది. తల దగ్గర బుడ్డిదీపం పెట్టుకుంది, కథలో దీపంపిల్ల అక్కడ కూర్చుని ఏడుస్తుంది గనక.

"వద్దే" అన్నాడు పెదనాన్న.

"తొందరగా గీసేయండి పెదనాన్నా. వెలుతురు పోతోంది."

పెన్సిల్ కదిలింది.

తలుపవతల వసారాలో నాయనమ్మ గొంతు వినిపిస్తోంది. ఆవిడకు చెవుడు. తన చెవుడును ఎదుటివాళ్ళకూ అంటగట్టి గట్టిగా మాట్లాడుతుంది.

"నన్నెప్పుడు చంపుతున్నారు బాబూ కథలో? ఆ జల్లెడ మొయ్యలేక మెడ పడిపోతోంది."

"మీరు పోతే కథేముంది మామ్మగారూ! యంత్రాధిపతికి చావు లేదు" పత్రికాయన కూడా అరిచినట్టే చెప్పాడు.

"అదే నా ఖర్మ. పోవాల్సినవాళ్ళు ఉంటారు, ఉండాల్సినవాళ్ళు పోతారు."

"నిజమేనండీ. ఈ నెల కాపరి పోతున్నాడు చూడండి. లోపల ఆ బొమ్మే అవుతోంది."

టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. పడిపోలేదు. నెమ్మదిగానే పెట్టారు. పెట్టింది ఎవరో బుడ్డికి తెలుసు. పెన్సిల్ ఆగిపోయింది. అడుగులు ముందుగది దాటాయి. బొమ్మల గది ముందు, ప్రతిసారీ ఆగే చోట ఆగాయి. ఈసారి వెనక్కి తిరగలేదు. తలుపు తెరుచుకుంది.

బుడ్డి కదలలేదు. పెదనాన్న "ఊఁ" అనలేదు. ఏళ్ళ తరబడి అలవాటైన ఒళ్ళు అది, "ఊఁ" వినబడకుండా లేవడం దానికి తెలియదు.

"నాన్నా" అని వినిపించింది. ఇంటి వాళ్ళెవరూ ఎన్నడూ వినని గొంతు అది. పెద్దమ్మ చాప మీద కూలబడింది. ఆవిడ చెయ్యి వచ్చి కోటు మీద, రెండు భుజాల మధ్య ఆనింది. అక్కడే ఉండిపోయింది. అంత మెత్తగా తనను ఎవరైనా ముట్టుకున్న గుర్తు బుడ్డికి లేదు. ఆ చెయ్యి తనకోసం కాదని తెలుసు. తెలిసీ ఇంకొక్క ఊపిరి తీసేంతసేపు అలాగే ఉంది.

ఆ ఊపిరికి వీపు కదిలింది.

చెయ్యి చటుక్కున వెనక్కి వెళ్ళింది. బుడ్డి లేచి కూర్చుంది. మోచెయ్యి తగిలి దీపం ఒరిగితే, గాజు పగులుతుందేమోనని రెండు చేతులా పట్టుకుంది. అలా దీపం పట్టుకుని, అన్నయ్య కోటులో కూర్చుని, పెద్దమ్మ మొహంలోకి చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది.

"నువ్వా" అంది పెద్దమ్మ.

"నేనే దాన్ని..." అంటూ పెదనాన్న లేవబోయాడు. ఆవిడ ఆయన వైపు చూడలేదు.

"ఎప్పట్నుంచి?"

బుడ్డికి అబద్ధం చెప్పడం రాదు. కథలో వాన గురించి చెప్పింది ఒక్కటే, అదీ పెదనాన్న నేర్పిందే. "వానలు తగ్గినప్పట్నుంచి" అంది.

"అయితే ఆ మడమ?"

"నేనే పెద్దమ్మా."

"మెడ వాల్చింది?"

బుడ్డి తలూపింది.

పెద్దమ్మ ఏడవలేదు. కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పింది, చిన్నపిల్లకు బట్టలు మార్చినట్టు. ఒక చెయ్యి తీసింది. దీపం పుచ్చుకున్న చెయ్యి అడ్డం వస్తే, దీపాన్ని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్పించి, రెండో చెయ్యి తీసింది. కోటును దగ్గరకు తీసుకుని, కాలరులో మొహం పెట్టుకుంది. గట్టిగా ఊపిరి పీల్చింది. మొహం తీసి కోటును ఒకసారి చూసి, చంక దగ్గర వాసన చూసుకుంది, లోపలి గుడ్డను తిరగేసి అక్కడ చూసుకుంది. చెయ్యి చివర మడతలో కూడా వెతికింది.

"లేదు" అంది.

ఏం లేదో ఎవరూ అడగలేదు. బుడ్డికి అప్పుడర్థమైంది. రోజూ పొద్దున పెద్దమ్మ తన తలకు పట్టించిన నూనె ఆ కాలరంతా పట్టేసి ఉంది. తన చెమట, తన జేబులో బిస్కెట్ల పొడి, తను చెక్కిన పెన్సిళ్ళ పొట్టు. ఆ కోటులో ఇప్పుడు ఉన్నదంతా తనే. ఉతకొద్దని ఎందుకందో తెలిసింది. కాళ్ళు వచ్చిన రోజున దేనికోసం రావాలనుకుందో తెలిసింది.

పెద్దమ్మ కోటును భుజాన వేసుకుని బయటికి నడిచింది. బుడ్డి వెనకే వెళ్ళింది, రెండడుగుల దూరంలో, దీపం పట్టుకుని. అలా నడవడం అలవాటు. ముందుగదిలో పత్రికాయన లేచి నిలబడి, "బొమ్మ అయ్యిందాండీ?" అని, ఆవిడ మొహం చూసి కూర్చుండిపోయాడు. వసారాలోంచి నాయనమ్మ "ఎవరే? ఏమైందే? నాకెవరూ చెప్పరేం?" అంటోంది. ఎవరూ చెప్పలేదు. అన్నయ్య గది తాళం వేసి ఉండదు, దగ్గరగా వేసి ఉంటుంది. పెద్దమ్మ దాన్ని తోసింది. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.

"పెద్దమ్మా, నాకు తెలీదు. తెలిస్తే..." బుడ్డి జీవితంలో అంత మాట ఎప్పుడూ మొదలుపెట్టలేదు. పూర్తి చేయడం చేతకాలేదు.

"నాకోసమే చేశావు. తెలుసు" అంది పెద్దమ్మ. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది, కాసేపటికి తగ్గుతుంది. "తెలుసు తల్లీ. వెళ్ళు. పెదనాన్న పిలుస్తారు, బొమ్మ మధ్యలో ఆగిపోయింది."

లోపలికి వెళ్ళి తలుపు వేసింది. కోటు అంచు తలుపు సందులో ఇరుక్కుంది.

బుడ్డి ఆ అంచునే చూస్తూ నిలబడింది. బొమ్మల గదిలోంచి పెదనాన్న పిలుపు రాలేదు. కాసేపటికి తలుపు బెత్తెడు తెరుచుకుంది. బుడ్డి ఒక అడుగు ముందుకు వేసింది. సందులోంచి ఒక చెయ్యి వచ్చింది, పొద్దున్న జడ వేసిన చెయ్యే. కోటు అంచును జాగ్రత్తగా లోపలికి లాక్కుంది. తలుపు మళ్ళీ మూసుకుంది.